కళ్లు తిరుగుతున్నాయన్నావుగా, బుజ్జీ

బుజ్జీ,

పోపు వేస్తూ వేస్తూ తూలి, స్టవ్ గట్టు పట్టుకుని నిలబడ్డావట. మీ అమ్మ చెప్పింది. పక్కింటావిడ లో బీపీ అందట, మీ అమ్మ పైత్యం అంది, మీ అత్తగారు దిష్టి తీశారు. బీపీ మిషన్ మాత్రం ఎవరూ బయటికి తీయలేదు. ఫోన్ చేస్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. ముప్పై ఏళ్లు నర్సుగా వార్డుల్లో తిరిగినదాన్ని, ఈ వయసు దాటి వచ్చినదాన్ని కూడా. కాస్త ఓపిగ్గా చదువు.

నీకు 46. నెలసరి ఒకసారి ఇరవై రోజులకే వస్తోంది, ఒకసారి రెండు నెలలైనా రావట్లేదు. మన దేశంలో చాలామందికి ముట్టు ఆగేది 46, 47 ఏళ్ల ప్రాంతంలోనే. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క. దానికి ముందు నడిచే కొన్నేళ్లనే డాక్టర్లు పెరీమెనోపాజ్ అంటారు. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గదు, ఒక వారం ఎగిరి మరో వారం పడుతుంది. దాని పని గర్భసంచితోనే అయిపోదు. రక్తనాళాలు, ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం, లోపలి చెవి, అన్నిటికీ దానితో సంబంధం ఉంది. కాబట్టి ఈ వయసులో కళ్లు తిరగడం వింతేమీ కాదు. అలాగని ప్రతి తూలుడునీ మెనోపాజ్ ఖాతాలో రాసేయకు.

ముందు నీకు ఎలా తిరుగుతోందో చూసుకో. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మడం ఒకటి. గది మొత్తం గిర్రున తిరగడం ఇంకొకటి. కాళ్ల కింద పరుపు ఉన్నట్టు రోజంతా తేలిపోవడం మరొకటి. మనం మూడింటికీ ఒకే మాట వాడతాం, మందుల షాపువాడు మూడింటికీ ఒకే బిళ్ల ఇస్తాడు.

నా సంగతే చెబుతాను. నా 49వ ఏట ఒక తెల్లవారుజామున కుడివైపుకి ఒత్తిగిల్లితే గది గిర్రున తిరిగింది. కరెంటు లేదు, ఫ్యాన్ ఆగి ఉంది, గోడలు మాత్రం తిరుగుతున్నాయి. ఒక డాక్టరు మెడ నరం అన్నారు, ఎక్స్‌రే తీయించారు, పట్టీ ఇచ్చారు. నర్సునై ఉండి కూడా నాలుగు నెలలు ఆ పట్టీ కట్టుకుని, కళ్లు తిరగడం తగ్గించే బిళ్లలు మింగాను. చివరికి ఒక చెవి డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి నా కళ్లలోకి చూశారు. లోపలి చెవిలో ఉండే సన్నని కాల్షియం పలుకులు చోటు జారి గొట్టాల్లో పడ్డాయట. తలను వరసగా నాలుగు భంగిమల్లో తిప్పి వాటిని వెనక్కి పంపారు. పది నిమిషాల పని. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ చెవి పలుకుల జబ్బు మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఎక్కువ, అందులోనూ యాభై దాటాక. డి విటమిన్ తక్కువుంటే మళ్లీ మళ్లీ రావచ్చు. పక్క మీద దొర్లినప్పుడో, అటక వైపు తల ఎత్తినప్పుడో తిరిగి, నిమిషంలోపు ఆగిపోతుంటే నీదీ అదే కావచ్చు. యూట్యూబ్ చూసి నీకు నువ్వే తల తిప్పుకోకు, ఏ చెవో తెలియాలి కదా. బిళ్లలంటావా, వాంతులు తట్టుకోలేనప్పుడు రెండు మూడు రోజులకు పరవాలేదు. నెలల తరబడి మింగితే మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది. వాటిలో ఒక రకం చేతులు వణికించడం నేను వార్డులో కళ్లారా చూశాను.

నీ విషయంలో నా అనుమానం మాత్రం రక్తం మీదే ఉంది. పోయిన నెల గంటకో ప్యాడ్ మార్చానన్నావు, గడ్డలు పడ్డాయన్నావు. అది మామూలు సంగతి కాదు తల్లీ. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. మనవాళ్లలో 8, 9తో వంటా ఆఫీసూ లాక్కొచ్చేవాళ్లు ఎందరో, అడిగితే "కాస్త నీరసం" అంటారు. ఈ వారమే రక్తపరీక్ష చేయించు. థైరాయిడ్, షుగర్, బి12 కూడా రాయమను, నువ్వు మాంసం మానేసి చాలా ఏళ్లయింది కదా. ఐరన్ బిళ్ల రాస్తే నిమ్మరసంతో వేసుకో. దానికి గంట ముందూ గంట తర్వాతా టీ వద్దు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. విరేచనం నల్లగా వస్తే భయపడకు, అది ఐరన్ రంగే. బిళ్ల వేసుకోకుండానే నల్లగా వస్తే మాత్రం డాక్టరుకి చెప్పాల్సిందే.

రక్తస్రావం ఎందుకు అంతగా ఉందో గైనకాలజిస్టు స్కాన్ చేసి చూడాలి. అక్కడ ఎవరైనా "నలభై దాటింది, పిల్లలున్నారు, గర్భసంచి తీసేద్దాం" అని తొందరపెడితే ఇంకో డాక్టరుకి చూపించు. గర్భసంచి ఆపరేషన్లలో మన ఆంధ్ర, తెలంగాణలు దేశంలోనే ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. నిజంగా అవసరమైన వాళ్లుంటారు, కాదనను. కానీ దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే, ఏళ్ల మీద రావలసిన మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది. ఒంట్లోంచి ఎగదన్నే వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి అన్నీ కట్టకట్టుకుని వస్తాయి.

మీ ఆయన బీపీ మిషన్ ఉందిగా. ఐదు నిమిషాలు పడుకుని చూసుకో, తర్వాత లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాసి డాక్టరుకి చూపించు. నీ బీపీ బిళ్ల మోతాదు ఎక్కువైందేమో వాళ్లు చూస్తారు, నీకు నువ్వుగా మానకు. రాత్రి చెమటలు పట్టి లేస్తే వెంటనే బాత్రూమ్‌కి పరుగెత్తకు. మంచం అంచున కూర్చుని, కాళ్లు కాస్త ఆడించి, అప్పుడు లే. శుక్రవారాలు ఒంటిపూట ఉంటావు, దేవుడు కాదనడు గానీ పొద్దున్నే ఒక గ్లాసు మజ్జిగా ఒక అరటిపండూ తీసుకో. పరగడుపున వేడినీళ్ల తలస్నానం వద్దు. పొయ్యి దగ్గర ఆవిర్లు వస్తే స్టవ్ కట్టేసి అక్కడే కింద కూర్చో, కూర మాడినా ఫరవాలేదు. ఇది తేలేదాకా అటక ఎక్కడం, స్కూటీ నడపడం బంద్.

నిద్ర లేకపోయినా, టెన్షన్ ఎక్కువైనా తేలిపోతున్నట్టు ఉంటుంది. నీకు కాలేజీ రోజుల నుంచీ ఒంటికణత నొప్పి ఉంది, అదే ఈ వయసులో నొప్పి లేకుండా తల తిరుగుడుగా కూడా రావచ్చు. ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు. హార్మోన్ బిళ్లలు అడిగావు. ఆవిర్లకు బాగా పనిచేస్తాయి, దాంతో నిద్ర పడితే తలా తేలికపడొచ్చు. కానీ ఒక్క కళ్లు తిరగడానికే వాటిని మొదలుపెట్టరు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకు మామూలుగా ఇవ్వరు.

ఒక్కటి మాత్రం మీ ఆయనకీ వినపడేలా చదువు. తల తిరుగుడుతో పాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒకవైపు చేయి పట్టు తప్పినా, చూపు రెండుగా కనబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా నిమ్మకాయ నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పాల లెక్క రాసే నోట్‌బుక్‌లో వెనక పేజీ తీసుకుని, తిరిగినప్పుడల్లా ఏం చేస్తున్నావో, ఎంతసేపు తిరిగిందో, నెలసరి ఎన్నో రోజో రాసిపెట్టు. డాక్టరు ముందు కూర్చుంటే ఏదీ గుర్తురాదు, నాకూ అంతే. రిపోర్టు రాగానే హిమోగ్లోబిన్ ఎంతో ఫోన్ చేసి చెప్పు. మీ అమ్మకి కాదు, నాకు. తను విన్న వెంటనే బీట్‌రూట్లు బస్తా పంపిస్తుంది.

మీ పెద్దమ్మ