అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు బిల్ హేలీ 'రాక్ అరౌండ్ ద క్లాక్' ఎల్‌పీలో (పెద్ద గ్రామఫోను రికార్డులో) ఒక్క హిట్టూ, మిగతాదంతా నింపుడు సరుకేనా?

కాదు. రికార్డు కంపెనీ డెక్కా 1955 చివర్లో తెచ్చిన ఈ ఎల్‌పీ కోసమని ప్రత్యేకంగా చేసిన పాట ఒక్కటీ లేదు. ముందే విడిగా వచ్చిన ఆరు సింగిల్స్ (వైపుకో పాటుండే చిన్న రికార్డులు), రెండేసి వైపులు, మొత్తం పన్నెండు పాటలు. 'షేక్, రాటిల్ అండ్ రోల్', 'డిమ్, డిమ్ ద లైట్స్' అప్పటికే జనం నోళ్లలో నానినవి.

నింపుడు సరుకు అనాలంటే ఎల్‌పీకి పేరిచ్చిన 'రాక్ అరౌండ్ ద క్లాక్' పాటనే అనాలి! 1954 ఏప్రిల్ 12న న్యూయార్క్ పిథియన్ టెంపుల్‌ రికార్డింగ్ హాల్లో నిర్మాత మిల్ట్ గేబ్లర్ సమయమంతా సింగిల్ మొదటి వైపు పాట 'థర్టీన్ విమెన్' మీదే పెట్టారు. రెండో వైపు పాటైన 'రాక్ అరౌండ్ ద క్లాక్'కు మిగిలింది రెండు టేకులు (రెండుసార్లు పాడి రికార్డు చేసే వ్యవధి). మొదటిదాంట్లో వాద్యాలు హేలీ గొంతును మింగేశాయి. రెండోదాంట్లో గొంతు పెంచి, తర్వాత రెండూ కలిపారు. కొత్త సోలో (ఒంటరిగా వాయించే ముక్క) కట్టే వ్యవధి లేక గిటారిస్టు డానీ సెడ్రోన్ 1952 నాటి 'రాక్ ద జాయింట్'లో తను వాయించిందే మళ్లీ వాయించారు. దానికి ముట్టింది 21 డాలర్లు. ఆ జూన్‌లోనే మెట్ల మీంచి పడి చనిపోయారు. 1955లో 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' సినిమా టైటిల్స్‌లో ఈ పాట పడ్డాక ఎనిమిది వారాలు అగ్రస్థానంలో ఉంది. ఆ సోలో అంత పేరు తెస్తుందని ఆయనకు తెలియనే లేదు, అదే బాధ. ఇన్ని చోట్ల హేలీ పేరొక్కటే రాస్తారు, అది అన్యాయం.

వినేటప్పుడు డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) మోత మీద చెవి పెట్టండి. దాన్ని వాయించిన మార్షల్ లైటిల్ తీగను లాగి వదిలితే అది చెక్కకు తగిలి టప్‌మంటుంది. స్నేర్ డ్రమ్ము దెబ్బతో కలిసి ఆ టప్పే పాటను నడిపిస్తుంది. 1955 సెప్టెంబరులో లైటిల్, సాక్సోఫోన్ జోయీ డాంబ్రోసియో, డ్రమ్మర్ డిక్ రిచర్డ్స్ హేలీ బృందం నుంచి బయటికెళ్లి జోడిమార్స్ అనే సొంత బృందం పెట్టుకున్నారు. అందుకే ఇదే ఎల్‌పీలోని 'బర్న్ దట్ క్యాండిల్'లో పట్టు వేరుగా ఉంటుంది, సాక్స్ రూడీ పాంపిలీది.

కొనేవాళ్లు మోనో (ధ్వనంతా ఒకే ధారగా వచ్చే) ముద్రణే తీసుకోండి. తర్వాత వచ్చిన కృత్రిమ స్టీరియోలో హెచ్చు స్వరాలు ఒక పక్కకు, మంద్రం ఇంకో పక్కకు తోసేస్తారు. దాంతో బాసూ స్నేరూ విడిపోయి ఆ టప్పు చచ్చిపోతుంది. యాంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే నొక్కండి, గాడి అడుగు గరగర చాలావరకు తగ్గుతుంది. ఇంటర్నెట్‌లో వింటే సంవత్సరం చూడండి. హేలీ ఈ పాటను తర్వాత చాలాసార్లు మళ్లీ పాడారు. రెండు చెవుల్లో వేర్వేరుగా వాద్యాలు శుభ్రంగా వినిపిస్తే అది 1954 టేపు కాదు.