పిల్లల్ని నాటకానికి తీసుకెళ్ళే ముందు ఏం నేర్పాలంటే

మేడమ్, మీ ఏడో తరగతి పిల్లలు స్టేజీ మీద బిగుసుకుపోతున్నారు, పైగా సురభి నాటక సమాజం వాళ్ళ నాటకానికి తీసుకెళ్తే హాల్లో గోల చేస్తారేమో అన్నారు కదా. ముందు డైలాగులు బట్టీ పట్టించడం ఆపేయండి. మాటల్లేకుండా బావిలోంచి నీళ్ళు తోడమనండి, బకెట్ నిండిందా ఖాళీనా అన్నది మిగతావాళ్ళు చెప్పాలి, చేతులు వాటంతటవే బరువు చూపించడం మొదలుపెడతాయి. తర్వాత "నాన్న వచ్చాడు" అనే ఒక్క మాటని సంతోషంగా, భయంగా, కోపంగా అనిపించండి.

గొంతు విషయంలో అరవమని మాత్రం చెప్పొద్దు. ఒకర్ని చివరి బెంచీలో కూర్చోబెట్టి వినపడకపోతే చెయ్యి ఎత్తమనండి, ఎక్కువమంది మింగేసేది చివరి మాటే, మనకి క్రియ అక్కడే ఉంటుంది కాబట్టి వస్తానన్నాడో రానన్నాడో తెలీకుండా పోతుంది.

ఇక హాల్లో. మనం మాట్లాడినా సినిమా ఆగదు, కానీ ఇక్కడ నటులకి మన గుసగుస కూడా వినిపిస్తుంది అని ముందే చెప్పండి. సురభి వాళ్ళు 1885లో కడప జిల్లాలో మొదలైనవాళ్ళు, గాల్లో ఎగరడం, మాయమవడం లాంటివన్నీ తీగలు, తెరలు, లైట్లతో అక్కడికక్కడే చేసి చూపిస్తారు, అలాంటప్పుడు ఫోన్ ఫ్లాష్ పడితే నటుడికి కళ్ళు చెదురుతాయి, అది నిజంగా ప్రమాదం. అలాగని బొమ్మల్లా కూర్చోబెట్టకండి ప్లీజ్, పద్యం బాగుంటే చప్పట్లు కొట్టాలి, నవ్వొస్తే నవ్వాలి. బాత్రూమ్ పని మాత్రం బెల్లు కొట్టకముందే కానిచ్చేయండి.