సరిహద్దు పల్లె చరిత్రను చెరువు దగ్గర మొదలుపెట్టండి

"మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో చిన్న తెలుగు పల్లె, అందరిదీ వ్యవసాయమే. పుస్తకాల్లో ఊరి పేరే లేదు. చరిత్ర ఎలా రాయాలి?" అని అడిగారు. మాదీ పర్లాకిమిడి పక్కన వరి పండే ఊరే. నేనూ ఈ పని పెట్టుకున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తాను.

రాజుగారి కథలతో మొదలుపెట్టకండి, అవి ఏ ఊరికెళ్ళినా అవే. చెరువుతో మొదలుపెట్టండి. మదుం (చెరువు తూము) తీస్తే ముందు ఎవరి పొలం తడుస్తుంది, చివరి మళ్ళు ఎవరివి, గట్టు తెగితే ఇంటికో మనిషి రావాలా, భూమి లెక్కన రావాలా? ఇవి అడిగితే ఎవరు ముందొచ్చి స్థిరపడ్డారో, ఎవరికి సెంటు భూమి కూడా దక్కలేదో తెలిసిపోతుంది. ఊరెలా పుట్టిందని అడిగితే మా ముసలివాళ్ళు నోరు మెదపలేదు. ఉభాల (వరి నాట్ల) వేళ నీటి తగాదాల గురించి అడిగితే మాత్రం పొద్దుపోయేదాకా చెప్పారు.

కాగితాల సంగతి. 1936 ఏప్రిల్ 1 దాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా, పర్లాకిమిడి జమీందారీ. ఆ రోజు ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేసరికి జమీందారీ రెండు ముక్కలైంది, పాతపట్నం అటు మద్రాసు వైపే ఉండిపోయింది. జమీందారీల రద్దుకు అటు 1948 నాటి మద్రాసు చట్టం, ఇటు 1951 నాటి ఒడిశా చట్టం. అందుకే సరిహద్దుకు రెండువైపులా భూమి ఉన్న కుటుంబాల కాగితాలు రెండు రకాలు. మా తాతగారి పట్టా తెలుగులో ఉంది, నాన్నగారి ఖాతా (ఒడిశా భూమి రికార్డు) ఒడియాలో. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఇప్పటి ఖాతా తీసి, బడిలో ఒడియా చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాత పట్టాతో పోల్చండి. గజపతి జిల్లా 1992లోనే ఏర్పడింది, పాత రికార్డులు గంజాం పేరుతోనే వెతకాలి.

గ్రామదేవత సంబరానికి రాసిన చందా పుస్తకాలు దొరికితే అసలు వదలకండి. ఏ ఏడు ఎన్ని గడపలున్నాయో, ఎవరు వలస పోయారో వాటిలో కనిపిస్తుంది. మా దగ్గర ఒక మడిని ఇప్పటికీ కుమ్మరోళ్ళ ఇనాం అంటారు, ఊళ్ళో కుమ్మరి కుటుంబం ఒక్కటీ మిగల్లేదు. సంతను కూడా రాయండి. కొండల మీంచి సవర గిరిజనులు చింతపండు, పసుపు, చీపుర్లు తెచ్చి ఉప్పు, ఎండుచేపలు పట్టుకెళ్ళేవారు. ఆ రాకపోకలు లేకుండా మన ఊళ్ళు బతకలేదు, వాళ్ళని పక్కకి నెట్టి రాయడం అన్యాయం.

పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి కోడళ్ళుగా వచ్చిన పెద్దవాళ్ళని తప్పకుండా కలవండి. రెండువైపుల పంటలు, కూలి రేట్లు, పండగలు పోల్చి చెప్పగలిగేది వాళ్ళే. కోతలు, నూర్పులు అయ్యాక తీరిగ్గా అడగండి. మగవాళ్ళు పక్కన లేని వేళ చూసుకోండి, ఉంటే జవాబులన్నీ వాళ్ళే చెప్పేస్తారు.