ఆ శాటిన్ లిప్ కలర్ మీద కోపం తెచ్చుకోకు, ఇలా వేసి చూడు

బుజ్జీ,

నిశ్చితార్థానికని మూడు వేల పైన పెట్టి లిక్విడ్ లిప్ కలర్ కొన్నావని, రెండు రోజులు వేసి చూసి “అంతా చెరిగిపోతోంది, బూడిదలో పోసిన పన్నీరైంది” అన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సరుకు మంచిదేనే తల్లీ. నీది మెత్తటి మెరుపుండే శాటిన్, నువ్వు దాన్ని మెరుపు లేకుండా ఆరిపోయే మ్యాట్ వేసినట్టు వేస్తున్నావు, అక్కడే వచ్చింది తంటా.

మ్యాట్ లిక్విడ్‌లో ఐసోడోడెకేన్ లాంటి తొందరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది, అది ఎగిరిపోగానే రంగు పొరలా అతుక్కుని ఎండిపోతుంది. శాటిన్‌లో పెదవి మీద నిలిచే నూనెల పాలు ఎక్కువ, పట్టుచీర మీద దీపం వెలుగు పడ్డట్టు ఆ మెత్తటి మెరుపు వాటి వల్లే. కాబట్టి అది పూర్తిగా ఆరదు, కాఫీ కప్పుకి కాస్త అంటుతుంది.

ఈ సంగతి నాకూ మొదట్లో తెలియదు. బెజవాడలో పెళ్లికూతుళ్లకి మేకప్ వేయడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఫొటోల్లో నిండుగా కనపడాలని ఒకమ్మాయికి రెండు పూతలు మందంగా వేశాను. జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉంది, తలంబ్రాల వేళకి చూస్తే మధుపర్కం మీద ఎర్రటి మచ్చ. ఆ అమ్మాయి తల్లి ముఖం నాకింకా గుర్తే.

అందుకని ముందు తడిగుడ్డతో పెదవులు మెల్లగా రుద్ది పొట్టు తీసెయ్యి. లిప్ బామ్ రాసి పది నిమిషాలు ఆగి, టిష్యూతో పూర్తిగా తుడిచెయ్యి, ఈ తుడవడమే అందరూ వదిలేస్తారు, బామ్ మిగిలితే దానిమీద రంగు జారుతుంది. తర్వాత అదే రంగు లిప్ లైనర్ పెన్సిల్‌తో అంచు గీసి, పెదవి మొత్తం కూడా నింపు. లిప్ కలర్ సీసాలోని పూత పుల్లని సీసా మూతికి బాగా తుడిచి, పై పెదవి మధ్య నుంచి మూలలకి పలచగా ఒక్క పూత. టిష్యూ మడిచి పెదవుల మధ్య నొక్కి, ఇంకో చుక్క మధ్యలో మాత్రమే అద్దు. చూపుడువేలు నోట్లో పెట్టి పెదవులు మూసి బయటికి లాగితే పళ్లకి అంటుకునే రంగు వేలికొచ్చేస్తుంది. పైన పౌడర్ మాత్రం అద్దకు, నువ్వు అంత డబ్బు పోసింది ఆ మెరుపు కోసమేగా!

భోజనాల దగ్గర మరీ జాగ్రత్త. పులిహోర నూనె, పప్పన్నంలో నెయ్యి, ఆవకాయ, ఏది తగిలినా రంగు కరిగిపోతుంది. విస్తరి ముందు కూర్చునే ముందే తుడిచేసి, తిన్నాక కొత్తగా వేసుకో, చెరిగిన రంగు మీదే పూస్తే అంచులు ముదురుగా మధ్యలో వెలిసినట్టు ఉంటుంది. రాత్రి తీయడానికి కొబ్బరినూనె చాలు.

డబ్బా మీద ఇంకో రెండు చూడు. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అవి లేనిది ఎంత చవగ్గా వచ్చినా పెదవికి తగలనివ్వకు. సీఐ (కలర్ ఇండెక్స్, అంటే రంగు నంబరు) 75470 అని ఉంటే అది కార్మైన్, కోచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు. నువ్వు గుడ్డు కూడా ముట్టవు కాబట్టి చెబుతున్నాను.

రోహిణి కార్తెలో దాన్ని స్కూటీ డిక్కీలో పడేసి తిరగకు, ఆ వేడికి లోపల నూనె, రంగు విడిపోవచ్చు. చెల్లెలు అడిగినా నీ పుల్ల ఇవ్వకు.

ఇక షేడ్ విషయం, షాపు లైట్ల కింద చూసి కొన్నావుగా, మన చామనచాయకి అది పగటి వెలుతురులో ఎలా ఉందో చూస్తే గానీ నేనేం చెప్పలేను. ఆదివారం పొద్దున్నే జాకెట్టు ముక్క పట్టుకుని గుంటూరు నుంచి వచ్చెయ్యి, మా డాబా మీద వేసి చూద్దాం, లైనర్ బీసెంట్ రోడ్డులో కొందాం.

మీ అత్త