మిలిట్రీ తాత చేను: పట్టా సైనికుడికి ఇచ్చారా, సాగుదారుడికి ఇచ్చారా?

సందేహం: మాది ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని మెట్ట గ్రామం. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరి, బర్మా వైపు పనిచేసి, 1946లో విడుదలై ఊరికి వచ్చారు. ఊరి బయట చిల్లకంపతో నిండిన బంజరును 1950 ప్రాంతంలో ఆయనే మొదట కొట్టి, రాళ్లు ఏరి, గట్లు వేసి, బావి తవ్వి సజ్జ, వరిగ, ఆముదం పండించారు. 1966 మార్చిలో దానిలో ఐదెకరాలకు దరఖాస్తు పట్టా వచ్చిందని మా నాన్న చెప్పేవారు. ఊళ్లో ఇప్పటికీ దాన్ని మిలిట్రీ చేను అంటారు. తాతగారు 1989లోనూ, నాయనమ్మ 1998లోనూ, మా నాన్న 2011లోనూ చనిపోయారు. తాతగారికి మా పెదనాన్న, మా నాన్న, ఇద్దరు మేనత్తలు సంతానం. నాన్న తరఫున అమ్మ, నేను, మా చెల్లెలు ఉన్నాము. భూమి మొత్తానికి పెదనాన్న తన పేరుతో పాసుపుస్తకం చేయించుకున్నారు. మేనత్తల పెళ్లిళ్లు 1985కు ముందే అయ్యాయి, పసుపు కుంకుమ కింద ఇచ్చేశాము కాబట్టి వారికి భాగం లేదని ఆయన అంటున్నారు. ఇప్పుడు కొనేవారు వస్తే, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని రిజిస్ట్రారు కార్యాలయంలో చెప్పారు. పట్టా కాగితం మా దగ్గర లేదు. ఒక పతకం, యూనిఫారంలో ఉన్న ఫొటో, చెదలు తిన్న డిశ్చార్జి బుక్కు ఉన్నాయి. ఈ భూమిని అమ్ముకోవచ్చునా? ఎవరి భాగం ఎంత?

సమాధానం: మీ ఉత్తరంలో ఒకే తాతగారి గురించి రెండు కథలున్నాయి. ఒకటి యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుడి కథ, రెండవది బీడు కొట్టి చేను చేసిన రైతు కథ. మీ కుటుంబానికి రెండూ సమానంగా గర్వకారణమే కావచ్చును గాని, చట్టం దృష్టిలో అవి వేర్వేరు ఫలితాలను ఇస్తాయి. 1966లో ప్రభుత్వం పట్టా ఇచ్చినప్పుడు ఆయనను మాజీ సైనికుడిగా చూసి ఇచ్చిందా, లేక ప్రభుత్వ భూమిని శివాయిజమాగా, అంటే పట్టా లేకుండా, సాగు చేసుకుంటున్న భూమిలేని పేదగా చూసి ఇచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే తప్ప మీ మొదటి ప్రశ్నకు ఎవరూ కచ్చితంగా అవునని గాని కాదని గాని చెప్పలేరు. పతకం చూసి అమ్ముకోవచ్చని చెప్పేవారిని, జాబితా చూసి వీల్లేదని తేల్చేసేవారిని ఇద్దరినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీవో 1142తో భూమిలేని పేదలకు ఇచ్చే పట్టాలలో అన్యాక్రాంతం చేయరాదన్న, అంటే ఇతరులకు బదలాయించరాదన్న, షరతు వచ్చింది. మీ పట్టా 1966 నాటిది కాబట్టి ఆ తేదీకి ముందు పట్టాలకు లభించే వెసులుబాటు మీకు వర్తించదు. ఆ తరువాత 1977 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, అంటే మనవాళ్లు 9/77 అని పిలిచే చట్టం, అటువంటి భూముల అమ్మకాలను చెల్లకుండా చేసింది. అయితే ఆ చట్టం అసైన్డ్ భూమికి ఇచ్చిన నిర్వచనంలో రెండు మాటలు గమనించాలి: భూమిలేని పేదకు ఇచ్చినదై ఉండాలి, అన్యాక్రాంతం చేయరాదన్న షరతుతో ఇచ్చినదై ఉండాలి. మాజీ సైనికుల సంగతి దీనికి భిన్నమైనది. 1963 ఏప్రిల్ 30 నాటి రెవెన్యూ శాఖ జీవో 743 కింద వారికి ఇచ్చిన భూమిపై ఆంక్ష పదేళ్లకే పరిమితం. ఆ గడువు దాటాక అమ్ముకోవచ్చునని 1993 నవంబరు 11 నాటి జీవో 1117 కూడా చెప్పింది. హైకోర్టు సైతం అనేక కేసులలో, సైనిక సేవను బట్టి ఇచ్చిన భూమిని పదేళ్ల తరువాత 9/77 చట్టం పేరుతో అడ్డుకోరాదని చెప్పింది. మీ తాతగారి పట్టా నిజంగా సైనికుల కోటాలో 1966 మార్చిలో ఇచ్చినదైతే, ఆ పదేళ్లు 1976 మార్చికే, అంటే నిషేధ చట్టం పుట్టకముందే నిండిపోయాయి.

ఇక రెండవ కథ. 1950 నుంచి 1966 దాకా పదహారేళ్లు తాతగారు కంప కొట్టి సాగు చేశారన్నది ఆయనకు స్వతంత్రంగా హక్కు ఇవ్వదు. ప్రభుత్వ భూమి మీద అనుభవాన్ని బట్టి హక్కు అడగాలంటే 1963 కాలపరిమితి చట్టం ముప్పై ఏళ్లు కోరుతుంది, అంతకుముందున్న చట్టమైతే అరవై ఏళ్లు కోరేది. పైగా, చెప్పడానికి కొంచెం కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు, ఆ పదహారేళ్ల సాగే మీకు అడ్డు రావచ్చును. శివాయిజమాదారు భూమిలేని పేద అయితే అతని సాగును క్రమబద్ధం చేసి పట్టా ఇవ్వడం ఆ రోజుల్లో మామూలు పద్ధతి. బీ-మెమోలు, అంటే పట్టా లేని సాగుకు వేసే జరిమానా పన్ను, కట్టించుకున్న రికార్డు ఉండి, పట్టాలో సైనికుడన్న మాట లేకపోతే, మీ పట్టా ఆ కోవకు చెందినదేనని రెవెన్యూ వారు వాదిస్తారు. మా దగ్గరకు వచ్చే కుటుంబాలు తరచుగా, మా తాతే మొదట బీడు కొట్టాడు అన్న మాటను దరఖాస్తులో మొదటి వాక్యంగా రాస్తారు. దయచేసి మీరు అలా రాయకండి. అబద్ధం చెప్పమని నా ఉద్దేశం కాదు. అడిగిన ప్రశ్నకు సంబంధించిన వాస్తవాన్ని ముందు పెట్టమని మాత్రమే అంటున్నాను.

కాబట్టి ముందుగా పట్టా ఫైలు వెతకాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ప్రకాశం జిల్లా, మొదట ఒంగోలు జిల్లా పేరుతో, 1970 ఫిబ్రవరి 2న ఏర్పడింది. దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు తాలూకాలు అంతకుముందు నెల్లూరు జిల్లాలోవి. 1966లో మీ తాతగారి దరఖాస్తు నడిచింది నెల్లూరు కలెక్టరు అధికార పరిధిలో. ఆ తరువాత 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఆ మధ్యలో, 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు గ్రామ లెక్కలన్నీ సక్రమంగా చేతులు మారలేదన్నది ఈ ప్రాంతంలో దావాలు నడిపిన వారందరికీ అనుభవమే. అందువల్ల సమాచార హక్కు చట్టం కింద దర్శి తహసీల్దారు కార్యాలయానికి, ఒంగోలు కలెక్టరేటుకు, నెల్లూరు కలెక్టరేటుకు మూడు దరఖాస్తులు విడివిడిగా పెట్టండి. మా తాతగారి భూమి వివరాలు ఇవ్వండి అని అడిగితే ఏమీ రాదు. గ్రామం పేరు, సర్వే నంబరు రాసి, ఫసలీ 1375 నాటి డి.కె. (దరఖాస్తు పట్టాల) రిజిస్టరులో ఆ నంబరుకు సంబంధించిన పేజీ, పట్టా కార్యాలయ ప్రతి, అసైన్‌మెంటు ఫైలు, అదే నంబరుకు ఫసలీ 1360 నుంచి 1390 దాకా అడంగల్ (ఏటా రాసే సాగు లెక్క) నకళ్లు కావాలని అడగండి. 1965 జులై నుంచి 1966 జూన్ దాకా నడిచిన సంవత్సరమే ఫసలీ 1375; పాత పట్టాల నంబర్లు సాధారణంగా ఫసలీతోనే ఉంటాయి గనుక ఆ అంకె రాస్తే గుమాస్తాకు వెతకడం సులువవుతుంది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు ఉంది. రికార్డు దొరకలేదు అని జవాబు వచ్చినా నిరాశ పడకుండా ఆ కాగితాన్ని భద్రపరచండి. అసలు పత్రం లభించదని రుజువైనప్పుడు దాని నకలును, దాని గురించిన ఇతర సాక్ష్యాన్ని కోర్టు స్వీకరించడానికి ఆ జవాబే దారి చూపుతుంది.

సైనిక సేవకు రుజువు విషయంలో మీ చేతిలో ఉన్నవాటి విలువ ఒక్కటి కాదు. ఫొటో ఇంట్లో గోడకు అందం. పతకం సేవకు సూచన. డిశ్చార్జి బుక్కు మాత్రమే అసలైన పత్రం. చెదలు తిన్నా సరే, సైనిక నంబరు, రెజిమెంటు పేరు చదవగలిగితే చాలును. దానికి అట్ట వేయించడం, టేపు అంటించడం వంటివి చేయకుండా ఉన్నది ఉన్నట్లుగా స్కాన్ చేయించి, ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సంబంధిత రెజిమెంటు రికార్డు ఆఫీసుకు ధ్రువీకరణ కోసం రాయించండి. మద్రాసు రెజిమెంటు అయితే ఆ రికార్డు ఆఫీసు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాసు ఇంజినీర్లయితే బెంగుళూరులో ఉంది. ముప్పై ఏళ్లు దాటిన పత్రం, ఉండవలసిన చోటి నుంచే బయటికి వస్తే, దానిపై సంతకాలు సరైనవేనని కోర్టు భావించవచ్చును. పాత సాక్ష్య చట్టంలోని 90వ సెక్షను చెప్పిన ఈ సూత్రం 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షనుగా కొనసాగుతోంది. మనవడి ఇంటి పెట్టెలో తాత డిశ్చార్జి బుక్కు ఉండడం కన్నా సహజమైన చోటు ఏముంటుంది?

మిలిట్రీ చేను అన్న ఊరి వాడుక గురించి ఒక మాట. ఆ పేరు ఒంటరిగా నిలబడదు. కాని మీ పొరుగు రైతులు 1970, 80లలో రిజిస్టరు చేయించుకున్న దస్తావేజుల్లో హద్దులు చూడండి. తూర్పున ఫలానా మిలిట్రీ వారి చేను అని రాసి ఉంటే, వివాదం పుట్టక ముందు, మీతో సంబంధం లేని వారు రాయించిన మాట అది. హద్దుల రాత దానంతట అది తిరుగులేని రుజువు కాదు గాని, డిశ్చార్జి బుక్కుకు, అడంగల్‌కు తోడుగా చేరితే మంచి బలం ఇస్తుంది. ఈసీ, అంటే ఆ భూములపై రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించి సర్టిఫైడు కాపీలు తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు స్వల్పమే.

పట్టా సైనికుల కోటాదేనని తేలితే, ఈ కాగితాలన్నీ జతచేసి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ జాబితా, అంటే మీకు చెప్పిన నిషేధిత జాబితా, నుంచి సర్వే నంబరు తొలగించమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ జాబితాల విషయంలో 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ విస్తృతమైన మార్గదర్శకాలు ఇచ్చింది. దరఖాస్తును పట్టించుకోకపోయినా, కారణం రాయకుండా తిరస్కరించినా హైకోర్టులో రిట్ వేయవచ్చును. అలా కాక పట్టా భూమిలేని పేద కోటాదని తేలితే, 2023 సవరణ చట్టం ఉంది. ఇరవై ఏళ్లు నిండిన సాగుభూములకు అసలు పట్టాదారుకు గాని, ఆయన లేకపోతే వారసులకు గాని అమ్ముకునే హక్కు ఇవ్వడం దాని ఉద్దేశం. అయితే 2024లో ప్రభుత్వం మారిన తరువాత అక్రమాల ఆరోపణల మీద ఆ రిజిస్ట్రేషన్లను నిలిపి పరిశీలన మొదలుపెట్టారు గనుక, మీరు అడుగు వేసే నాటికి ఉన్న స్థితిని రిజిస్ట్రారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

వాటాల సంగతి ఇంతకంటే తేలిక. ఇందులో మీ పెదనాన్నగారి వాదన నిలవదు. పట్టా సైనికుడిది అయినా, పేదది అయినా, అది మీ తాతగారి స్వార్జితమే. అసైన్డ్ భూమి అమ్మకానికి పనికిరాకపోవచ్చును గాని వారసత్వానికి వస్తుంది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చిన 1985 రాష్ట్ర సవరణలో పెళ్లి తేదీ ప్రశ్న ఉండేది. 2005 కేంద్ర సవరణ దాన్ని తొలగించింది. ఆ రెండూ పిత్రార్జితమైన ఉమ్మడి కుటుంబ ఆస్తికి సంబంధించినవి. వీలునామా లేకుండా చనిపోయిన వ్యక్తి స్వార్జితంలో కూతురికి భాగం 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షను కిందనే, పెళ్లితో నిమిత్తం లేకుండా ఉంది. పసుపు కుంకుమ కింద ఇచ్చినది కానుకే గాని వాటా పరిష్కారం కాదు. తండ్రి బతికి ఉండగా రాబోయే వారసత్వాన్ని వదులుకున్నామని ఎవరన్నా అది చెల్లదు, చనిపోయాక వదులుకోవాలంటే రిజిస్టరు పత్రం కావాలి. అటువంటిది మీ మేనత్తలు రాసి ఇచ్చినట్లు మీ ఉత్తరంలో లేదు.

1989లో తాతగారి ఆస్తి నాయనమ్మకు, నలుగురు పిల్లలకు ఐదు సమభాగాలుగా వచ్చింది. 1998లో నాయనమ్మ భాగం నలుగురికీ పంపిణీ కావడంతో ఒక్కొక్కరిది నాలుగో వంతు, అంటే ఎకరా పాతిక సెంట్లు అయింది. మీ నాన్నగారి నాలుగో వంతు 2011లో మీ అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి సమానంగా చెందింది గనుక ఒక్కొక్కరికి పన్నెండో వంతు, సుమారు 41.67 సెంట్లు వస్తాయి. మేనత్తల భాగం కాదనాలన్న ఆలోచన మీకు కూడా ఏమైనా ఉంటే మానుకోండి. వారి సంతకం లేని అమ్మకాన్ని జాగ్రత్తగల కొనుగోలుదారుడు ఎవరూ ఒప్పుకోడు.

పెదనాన్నగారి పాసుపుస్తకం చూసి భయపడనవసరం లేదు. అది హక్కును పుట్టించదు. ఉమ్మడి వారసుల్లో ఒకరి సాగు అందరి తరఫున సాగుగానే లెక్క, మిగిలిన వారి హక్కును బాహాటంగా కాదని పన్నెండేళ్లు గడిస్తే తప్ప. అందుకే ఆయన మీకు భాగం లేదని మొదటిసారి ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో తేదీ రాసి పెట్టుకోండి. మ్యుటేషన్‌పై, అంటే రికార్డులో ఆయన పేరు ఎక్కించడంపై, ఆర్డీవోకు అప్పీలు గడువు అరవై రోజులు. మీకు నోటీసు ఇవ్వకుండా చేసి ఉంటే ఆలస్యానికి కారణం చూపి వేసుకోవచ్చును. రాజీ కుదరకపోతే అసలు పరిష్కారం మాత్రం సివిలు కోర్టులో పంపకాల దావానే, అందులో మేనత్తలను కూడా పార్టీలుగా చేర్చాలి. 1989 నాటి మరణం నమోదు కాకపోయి ఉంటే ఇప్పుడు నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఆ పని దావాకు ముందే మొదలుపెట్టండి.

చివరగా, కొనేవారి సంగతి. 9/77 చట్టంలో బదలాయింపు అన్న మాటకు అమ్మకం, దానం, తనఖా, కౌలు మాత్రమే కాక, ఆ భూమికి సంబంధించిన ఒప్పందం కూడా అర్థంలో ఉంది. వీలునామాను మాత్రమే మినహాయించారు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి బయానా తీసుకోవడం కూడా ఉల్లంఘనే అవుతుంది, భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవడానికి అది సాకు అవుతుంది. డి.కె. రిజిస్టరు పేజీలో సైనికుడన్న మాట కళ్లతో చూసేదాకా మీరు గాని, పెదనాన్నగారు గాని ఎవరి దగ్గరా ఒక్క రూపాయి అడ్వాన్సు తీసుకోకండి. ఆయన ఇప్పటికే తీసుకుని ఉంటే, తిరిగి ఇచ్చినట్లు రసీదు రాయించుకోమని చెప్పండి.