పాట కట్టబోతున్న మనవరాలికి

చిరంజీవి అమ్మడికి చిన్నతాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగం మానేసి సినిమాకు సంగీతం చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. మద్రాసు స్టూడియోలలో ముప్ఫై ఏళ్ళు వయొలిన్ వాయించినవాడి ఇంట్లోంచి ఒక సంగీత దర్శకురాలు వస్తున్నదంటే గర్వంగానే ఉంది. కానీ ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు నాతో ఒక్క మాటైనా అనకపోవడం ఏం బాగుంది?

ఒప్పందం చదవకుండా సంతకం పెట్టకు. వాయిద్యకారుల డబ్బు ఏ రోజుది ఆ రోజే ఇప్పించు. కె.వి. మహదేవన్ గారు సాహిత్యం చేతికి వచ్చాకే, ఆ మాటల నడకను బట్టి వరుస కట్టేవారు. ఇప్పుడు చాలావరకు వరుస ముందు, మాట తరువాత. నీకు ఏ పద్ధతి కుదిరినా, పల్లవిని ఒకసారి మామూలుగా మాట్లాడినట్టు చదివి చూసుకో. హ్రస్వాన్ని సాగదీసి పాడిస్తే తెలుగు చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

నా అసలు బెంగ పాడేవారి గొంతు గురించి.

1978లో నేను ఒక సంగీత దర్శకుని దగ్గర సహాయకుడిగా ఉండేవాణ్ణి. పాడేవారి శ్రుతి ముందే కనుక్కుని నొటేషన్ సిద్ధం చేయడం నా పని. ఒక గాయని అంతకుముందు పాట అయిదున్నర శ్రుతిలో పాడారు గనుక, ఆవిడను అడగకుండానే అదే శ్రుతిలో అందరికీ రాసి ఇచ్చాను. ఆ రోజు ఆవిడకు జలుబు. చరణం చివర తారస్థాయి, అంటే పైస్థాయి, పంచమం మీద నిలవాలి. అప్పట్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే టేకులో పాట పూర్తిచేసేవాళ్ళం. ఎవరి దగ్గర తప్పు దొర్లినా మళ్ళీ మొదటి నుంచే. ఒకసారి తబలా, మరోసారి గిటారు తప్పుతూంటే, ఆవిడ ప్రతిసారీ నిండు గొంతుతో ఆ పంచమాన్ని అందుకున్నారు. పదకొండో టేకులో గొంతు జీరబోయి ఆగిపోయింది.

శ్రుతి తగ్గించమన్నారు. వేణువు వాయించేవారు సంచిలోంచి మరో వేణువు తీశారు. సరిగమలలో రాసుకున్న వీణ విద్వాంసులకు తీగలు దించుకుంటే సరిపోయింది. కానీ అయిదు గీతల మీద చుక్కలతో రాసే స్టాఫ్ నొటేషన్ చూసి వాయించే పన్నెండు వయొలిన్లకూ ప్రతి చుక్కా మార్చి రాయాలి. పెన్సిలు పట్టుకుని హాలులో నేలమీద కూర్చుంటే చేతులు వణికి చుక్క ఏ గీత మీద పడుతున్నదో తెలియలేదు. నేను ముగించేసరికి హాలు గడువు అయిపోయింది. వెళుతూ ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఈసారి ముందురోజే ఫోన్ చేయమని మాత్రం బొంగురు గొంతుతో చెప్పారు. వారం రోజులు పాడలేకపోయారు.

ఇప్పుడు నీ కంప్యూటరులో శ్రుతి మార్చడం మీట నొక్కినంత సేపు. తప్పిన స్వరాన్ని సైతం సరిచేయవచ్చు. నా భయమంతా ఆ సౌకర్యం వల్లనే. అసలు గాయకుల కంటే ముందు నమూనాగా ట్రాకు పాడడానికి వచ్చే పిల్లలు అవకాశం చేజారుతుందేమోనని గొంతు నొప్పి పుట్టినా పైకి చెప్పరు. నువ్వే కనిపెట్టాలి తల్లీ. చిన్నప్పుడు జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా సరళీ స్వరాలు పాడతానని నువ్వు మారాం చేస్తే, వేడినీళ్ళు తాగించి నా పక్కనే పడుకోబెట్టుకునేవాణ్ణి.

ఆ రికార్డింగు తరువాత నేను పెట్టుకున్న జేబు పుస్తకం నీకు పంపుతున్నాను. ఎవరి శ్రుతి ఎంత, పైస్థాయిలో ఏ స్వరం దాకా హాయిగా పోగలరు అన్నది అందులో రాసుకునేవాణ్ణి. చివర ఇరవై కాగితాలు ఖాళీగా ఉన్నాయి. నీ మొదటి పాట పాడేవారి శ్రుతి అందులో రాశాక నాకు ఫోన్ చెయ్యి. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.