మోటారు ముచ్చట: మిల్లు షెడ్డులో కాంటెస్సా

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ. మా మేనమామ 1993లో కొన్న కాంటెస్సా క్లాసిక్ ఉంది. పెట్రోలు బండి, ఏపీ 24 నంబరు. ఆయన పోయినప్పటి నుంచి మా రైస్ మిల్లు షెడ్డులోనే నిలబడి ఉంది. చిన్నప్పుడు అందులో సాగర్ పోయినవాణ్ని, తుక్కుకు వేయడానికి మనసొప్పడం లేదు. పెద్ద ఇంజిన్‌తో దూసుకుపోయే అమెరికా మజిల్ కారులాగా నల్ల రంగు, తెల్ల గీతలు, వెడల్పు టైర్లతో తయారు చేద్దామని కోరిక. దోస్తులు సాయం చేస్తామన్నారు. ఒకడు మా మిల్లులోనే వెల్డర్, ఒకడు ఆటో ఎలక్ట్రీషియన్, ఒకడు పెయింటర్, ఇంకొకడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఒకడు జీపు డీజిల్ ఇంజిన్ ఎక్కిద్దామంటాడు, ఒకడు ముందు రంగు వేస్తే ఊపు వస్తుందంటాడు. చేతిలో నాలుగు లక్షలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఫొటో పంపుతున్నాను.
– పేరు వేయవద్దన్న పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ఫొటో చూశాను. టైర్లలో గాలి పోయి బండి రిమ్ముల మీద కూర్చుంది, కింద ఊక పేరుకుంది. అయినా డోర్లకూ బాడీకీ మధ్య సందు పైనుంచి కింది దాకా సమంగానే కనిపిస్తోంది. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే. ఎందుకో తర్వాత చెబుతాను. ఈ కారును నిలబెట్టాలని మీరు అనుకోవడం చాలా మంచి పని. కాంటెస్సా 1984 నుంచి 2002 వరకు బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్ బాడీకి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు వేసిన రూపం అది. ఇక కొత్తవి రావు, ఉన్నవాటినే కాపాడుకోవాలి.

స్క్రూ విప్పకముందే కాగితాలు చూడండి. మామగారి పేరు మీదున్న బండి నేరుగా మీ పేరుకు రాదు. వారసులు మీ అత్తమ్మ, ఆమె పిల్లలు. ముందు మరణ ధ్రువపత్రం, వారసుల పత్రంతో ఫారం 31 పెట్టి అత్తమ్మ పేరుకు మార్పించాలి. ఆ తర్వాత ఆమె దగ్గర నుంచి ఫారం 29, 30 మీద మీ పేరుకు వస్తుంది. పిల్లలు ఎక్కడున్నా వాళ్ల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బంతా పోసి కారు మెరిశాక ఇంట్లో మాట వస్తే అటు బంధుత్వం, ఇటు బండి రెండూ పాడవుతాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది. తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25 మీద రెన్యువల్. మీ ఆర్‌సీ ఎప్పటి దాకా ఉందో చూసి, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్సు, ఆలస్య రుసుము కలిపి ఎంతవుతుందో నల్లగొండ ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఆ మొత్తాన్ని మీ నాలుగు లక్షల్లోంచి ముందే పక్కన పెట్టండి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు గుడ్డతో తుడిచి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే అది తేలేదాకా పైసా ఖర్చు పెట్టవద్దు.

ఇప్పుడు జీపు ఇంజిన్ సంగతి. వద్దు. మజిల్ కారు పుట్టుకే ఇంజిన్ మార్పులో ఉందని మీ దోస్తు అనవచ్చు, అతను చెప్పేదీ నిజమే. 1964 మోడల్ కోసం, జనరల్ మోటార్స్‌లో భాగమైన పోంటియాక్ ఇంజనీర్లు టెంపెస్ట్ అనే మధ్యరకం కారులో పెద్ద కార్ల 6.4 లీటర్ల వీ-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌ను దించి జీటీఓ తయారు చేశారు. మధ్యరకం కారులో అంత పెద్ద ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ కంపెనీలోనే నియమం ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి జీటీఓను వేరే మోడల్ అనకుండా టెంపెస్ట్‌కు ఆప్షన్‌గా అమ్మారు. అది కంపెనీ చేసిన పని. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పెట్రోలు కాంటెస్సాలో జీపు డీజిల్ ఇంజిన్ పెడితే ఆర్టీఏ ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర ఆగిపోతారు. అంతకంటే పెద్ద భయం, యాక్సిడెంట్ జరిగిన రోజు బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఆ భారం మీ మిల్లు మీద పడుతుంది. పైగా బరువైన డీజిల్ ఇంజిన్‌కు ముందు స్ప్రింగులు దిగిపోతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది.

మీ బండిలో ఉన్నది ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ఐదు గేర్లు. 88 హార్స్‌పవర్ అంటే ఈ రోజు లెక్కలో తక్కువే. కానీ పొడుగు బానెట్, వెనక చక్రాలకు లాగుడు, విశాలమైన బాడీ, ఇవన్నీ కాంటెస్సాకు పుట్టుకతో వచ్చినవి. చూపులో మజిల్ కారు, కాగితంలో కాంటెస్సా అని నిశ్చయించుకోండి. నల్ల రంగు వేయించాక ఆర్‌సీలో రంగు మార్పించుకుంటే ఇబ్బంది లేదు. సైలెన్సర్ కోసి శబ్దం పెంచే పని మాత్రం చేయవద్దు. టైర్లు కొద్దిగా వెడల్పు చేయండి, కానీ అవి మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకు రాకూడదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకోకూడదు.

ఇక రేకు. నా దృష్టిలో మొత్తం పనిలో సగం ఇదే. జీపుకు, లారీకి ఉన్నట్టు కాంటెస్సాకు కింద విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. బాడీ రేకే బరువంతా మోస్తుంది. డోర్ల కింద ముందు నుంచి వెనక దాకా పోయే పెట్టెలాంటి భాగం, ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ గుంత, ముందు అద్దం కింది అంచు, చక్రాల గూళ్లు, ఈ చోట్లే తుప్పు దాక్కుంటుంది. మీది బాయిల్డ్ రైస్ మిల్లు అయితే ఆవిరి తేమ కూడా తోడయ్యి ఉంటుంది. ఊక ఆ తేమను పట్టుకుని రేకును విడవదు. ఒక అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి బాడీ మీద మెల్లగా జరపండి. పట్టు వదిలిన చోట రంగు కింద లప్పం మందంగా ఉందని అర్థం. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత కిందికి దూరి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. ఠంగుమంటే రేకు బతికి ఉంది. మెత్తగా దిగిందంటే అక్కడ కోసి కొత్త రేకు వేయాల్సిందే.

కోసేముందు ఇది తప్పకుండా చేయాలి. డోర్లు విప్పి, డోరు ఖాళీలో అడ్డంగా, ఐమూలగా ఇనుప పైపులు వెల్డ్ చేసి బిగించండి. ఆ ఆసరా లేకుండా డోర్ల కింది పెట్టె కోస్తే బండి నడుమ దగ్గర కుంగుతుంది, ఇక ఏ డోరూ సరిగా పడదు. మీ డోర్ల సందు సమంగా ఉందని నేను సంతోషించింది ఇందుకే, ఆ నడుము ఇంకా నిలిచే ఉంది. మీ వెల్డర్ దోస్తు మిల్లులో రాడ్డుతో ఆర్క్ వెల్డింగ్ చేసే మనిషి అయి ఉంటాడు. ఎలివేటర్ కాళ్లకు అది బాగుంటుంది, కారు రేకు మాత్రం కాలి చిల్లులు పడుతుంది. దీనికి రాడ్డు బదులు సన్నని తీగతో, గ్యాసు రక్షణలో అతికే సీఓటూ వెల్డింగ్ మిషన్ కావాలి. అద్దెకు తెచ్చి, అతను పాత డోరు రేకు మీద చేయి తిరిగేదాకా సాధన చేయాలి. పొడుగు కుట్టు వేయకుండా చుక్క ఇక్కడ, చుక్క అక్కడ పెట్టి చల్లారనిస్తూ పోవాలి. పెట్రోలు ట్యాంకు విప్పి షెడ్డు బయట పెట్టాకే మంట ముట్టించాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌కు వెంటనే సెల్ఫ్ కొట్టవద్దు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ వదిలి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. తిరిగితే ఆయిల్ మార్చి కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించండి, తిరగకపోతే ఇంజిన్ దింపి లేత్ షాపుకు పంపండి. పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది కాబట్టి ట్యాంకు, కార్బురేటర్ శుభ్రం చేయించాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాతకాలం రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రం అనే పలచని పొర దానికి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే రకం పైపులే అడిగి వేయించండి. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, బండి నెలల తరబడి ఆగేటట్టయితే ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేయకండి.

మన జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది రేడియేటర్ గురించి. బోరు నీళ్లు అందులో పోయకండి. మన నీళ్లలోని ఉప్పులు లోపలి సన్నని గొట్టాల్లో పెచ్చు కడతాయి. ఏప్రిల్, మే ఎండల్లో బండి పొగలు కక్కితే ఇంజిన్‌ను తిడతారు గానీ తప్పు నీళ్లది. రేడియేటర్ విప్పించి రాడింగ్ (గొట్టాల్లో సన్నని కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం) చేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి.

బ్రేకుల మీద పిసినారితనం వద్దు. ఇందాక చెప్పిన 1964 జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉండేవి. ఇంజిన్‌కు ఉన్న బలం బ్రేకుకు లేదని అప్పటివాళ్లే అన్నారు. మీ బండికి మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి పడాలి. రబ్బరు వాషర్లు మార్చి సరిపెట్టే పని ఒప్పుకోవద్దు. విడిభాగాల కోసం మీ హైదరాబాద్ దోస్తు రాణీగంజ్, ఆటోనగర్ తిరగాలి. అక్కడ దొరకనివి కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెతకాలి. అతని పని అదే, అది చిన్న పని కాదు. పాత భాగం చేతిలో పట్టుకుని పోవాలి, ఫొటో చూపిస్తే కుదరదు.

రంగు చివరికి. మీ పెయింటర్ దోస్తుకు ఈ మాట నచ్చకపోవచ్చు, కానీ ముందే వేస్తే ఇంజిన్ దింపేటప్పుడు, గ్లాసులు బిగించేటప్పుడు మళ్లీ గీతలు పడతాయి. మిల్లు ఆవరణలో అసలే వేయవద్దు. బాయిలర్ నుంచి లేచే ఊక బూడిద తడి రంగు మీద వాలితే నల్లటి కారు గరుకుగా తేలుతుంది. వానాకాలం కూడా వద్దు, తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి దాటాక, గాలిదుమారాలు మొదలుకాకముందు నాలుగు వైపులా మూసిన చోట వేయించండి.

ఇక దోస్తులు. ఇంత మంది చేతి పనివాళ్లు దొరకడం మీ అదృష్టం. ఎవరి పనిలో వాళ్ల మాటే చెల్లాలి, మొత్తం మీద ఆఖరి మాట మీదే కావాలి. వెల్డర్ ఇంజిన్ గురించి, పెయింటర్ బ్రేకుల గురించి చెప్పేది వినండి, కానీ దాని మీద డబ్బు పెట్టకండి. మిల్లులో షాఫ్టులు, బేరింగులు బిగించే పెద్ద ఫిట్టర్ ఎవరైనా ఉంటే ఆయన్నీ పిలవండి. అలైన్‌మెంట్ మీద ఆ కన్ను చాలా పనికొస్తుంది. విప్పిన ప్రతి బోల్టూ కవర్లో వేసి ఎక్కడిదో రాసిపెట్టండి, విప్పకముందు ఫొటో తీయండి. ఖర్చు పుస్తకం అందరూ చూసేలా షెడ్డులోనే ఉండాలి. స్నేహం కదా అని కూలి ఎగ్గొట్టకండి. రోజు కూలి మీద బతికే మనిషి మీ కోసం ఆదివారం వదులుకుంటే ఆ ఆదివారానికి విలువ కట్టి ఇవ్వాలి. పని జరిగేటప్పుడు మందు వద్దు. జాకీ ఒక్కదాని మీద, ఇటుకల మీద నిలిపిన బండి కిందికి ఎవరినీ పోనివ్వకండి. నాలుగు స్టాండ్లు కొనండి.

నాలుగు లక్షల్లో లక్ష ముట్టుకోకుండా ఉంచి మిగతా మూడింటికే ప్లాన్ వేయండి. తుప్పు ఎంతుందో కోసేదాకా తెలియదు, ఆ లక్ష దానికే పోతుంది. తయారయ్యాక మొదట మిల్లు ఆవరణలో తిప్పండి, తర్వాత హాలియా దాకా పోయి రండి, వేడి ముల్లు చూస్తూ. వాలు రోడ్ల మీద బ్రేకు నిలుస్తోందని నమ్మకం కుదిరాకే సాగర్ పోండి. ఆ రోజు ముందు సీట్లో అత్తమ్మను కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్ నడుస్తోంది, అంతా ఒరిజినలే. వింటేజ్ నంబరు తీసుకుని, కొత్త ఇంజిన్ వేసి స్టయిల్‌గా మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రెండూ కలిసి కుదరవు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. ఒక్కసారి వింటేజ్ అయితే రోజూ మహబూబ్‌నగర్ పోయి రావడానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు, ఇలాంటి పనులకే రోడ్డెక్కాలి. నాన్నగారు ఇప్పటికీ నడుపుతున్నారంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయిస్తూ ఉండమని నా సలహా. అంత ఒరిజినల్‌గా మిగిలిన బండిని మాత్రం దయచేసి ముట్టుకోకండి.

ప్రశ్న: మా అన్న, వాళ్ల దోస్తులు పాత జీపు బాగు చేస్తున్నారు. నేను డిగ్రీ చదువుతున్నాను. నాకూ నేర్చుకోవాలని ఉంది గానీ చాయ్ తెమ్మని మాత్రమే పిలుస్తారు. ఏ పనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వైరింగ్‌తో, తల్లీ. ఏ గుంపులోనైనా అది సరిగా తెలిసిన మనిషి తక్కువ, అందుకే తెలిసినవాళ్లకు వెంటనే చోటు దొరుకుతుంది. ఒక మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంప్ కొనుక్కో. ముందు హారన్ లైను పట్టుకో. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ఉంటే రిలే, హారన్, స్టీరింగ్ మీది బటన్, చివరికి బాడీ ఎర్త్. ఒక్కో చోట వోల్టేజీ చూసి నోటుబుక్‌లో బొమ్మ గీసి రంగులతో సహా రాసుకో. పాత బండ్లలో సగం రోగాలు ఎర్త్ దగ్గరే ఉంటాయి. తుప్పు పట్టిన బోల్టు కింద వైరు ఉంటే విప్పి, ఎమెరీ కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించు. హారన్ అయ్యాక హెడ్‌లైట్లు చూడు, ఆ తర్వాత చార్జింగ్ లైను. బొమ్మలు గీసి పంపు, చూసి చెబుతాను.